పరదేశపు పిట్టలు – సంచిలో పుస్తకం

గైడు అనగానే మీకు గుర్తుకు వచ్చేది పరీక్షల ముందు బజారులో అమ్మకానికి వచ్చే పుస్తకం. ప్రశ్నా, దాని కిందనే జవాబూ రెండూ అందులో ఉంటాయి. బట్టీ పట్టడం ఒక్కటే మన పని. ఇప్పుడు నేను చెప్పబోయే గైడు అటువంటిది కాదు. ఇందులో జవాబులు మాత్రమే ఉంటాయి. ప్రశ్నను మీరే వెంట తీసుకుపోవాలి. పరాయి దేశం వెళ్ళి అక్కడి పక్షులనూ జంతువులనూ చూసి రావాలనుకునేవారు సంచిలో పెట్టుకునే పుస్తకం అది.

"మేమెక్కడ, విదేశాలెక్కడ మాష్టారూ!" అంటున్నారా? రామేశ్వరానికి అవతల ధనుష్కోటి కొసన నిలుచుంటే, శ్రీలంక తీరం సుమారు 30 కిలోమీటర్ల దూరం. మీలో కొందరు రోజూ బస్సులో బడికి వచ్చిపోయే దూరం అంతే ఉంటుంది. పైగా ఇవాళ ఊరికి నలుగురైనా అమెరికాలోనో, గల్ఫులోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటున్నారు. అక్కను చూడడానికి వెళ్ళిన తమ్ముడికి ఆమె పెరట్లో వాలిన పిట్ట పేరు తెలుసుకోవాలనిపించదా? ఇక ఎప్పుడో పదేళ్ళకు వెళ్ళేవారికి కూడా ఒక సౌకర్యం ఉంది. ప్రయాణం చెయ్యడానికి టిక్కెట్టు కావాలి గాని, ప్రయాణం ఆలోచించుకోవడానికి అక్కరలేదు. కనుక శ్రీలంకనే ఉదాహరణగా తీసుకుని, పుస్తకాలను ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

కోడి జుట్టులో పసుపు మచ్చ

శ్రీలంక జాతీయ పక్షి అడవి కోడి. ఇది ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా బతకదు. మన అడవుల్లోనూ అడవి కోళ్ళు ఉన్నాయి. నల్లమలలో బూడిద రంగు అడవి కోడి, గోదావరి కొండల వైపు ఎర్ర అడవి కోడి కనబడతాయి. శ్రీలంక పుంజు ఒంటి రంగు చూస్తే మన ఎర్ర అడవి కోడికి తమ్ముడిలా ఉంటుంది. మరి తేడా ఎలా పోల్చుకోవాలి? దాని నెత్తిమీది ఎర్రని జుట్టు నడుమ పసుపు పచ్చని మచ్చ ఉంటుంది. పొదచాటు నుంచి పొదచాటుకు రెండు క్షణాల్లో పరుగెత్తిపోయే పుంజులో మీరు చూడవలసింది ఆ ఒక్కటే.

ఇదిగో, ఈ "చూడవలసింది ఇదొక్కటే" అన్నమాట చెప్పే పుస్తకాన్నే ఫీల్డ్ గైడ్ అంటారు. మనం గుర్తింపు పుస్తకం అందాం. ఇది చూడడానికి చిన్న సంగతిలా ఉంటుంది. కాని దీని వెనుక పెద్ద మార్పు ఉంది. పూర్వం పక్షిశాస్త్రజ్ఞుడు పిట్టను గుర్తు పట్టాలంటే ముందు తుపాకీ ఎత్తేవాడు. కింద పడ్డ పిట్టను చేతిలోకి తీసుకుని, రెక్కలోని ఈకలు లెక్కపెట్టి, ముక్కు కొలిచి, అప్పుడు పుస్తకం తీసేవాడు. ఆనాటి పుస్తకాల్లోని వర్ణనలు కూడా చేతిలో చచ్చి ఉన్న పిట్టకు సరిపోయేవే గాని, కొమ్మమీద ఎగిరే పిట్టకు సరిపోయేవి కావు.

1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ అనే పాతికేళ్ళ యువకుడు ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అతను బడిలో బొమ్మలు గీయడం నేర్పే మాష్టరు. ప్రచురణకర్తలు కొందరు ఆ పుస్తకం వద్దన్నారు. చివరకు ఒకరు ధైర్యం చేసి 2,000 ప్రతులు వేస్తే కొద్ది రోజుల్లోనే అమ్ముడుపోయాయి. పీటర్సన్ చేసినదేమిటంటే, పోలికలున్న పిట్టలన్నిటినీ ఒకే పుటలో, ఒకే భంగిమలో, పక్కపక్కన గీశాడు. దూరం నుంచి కంటికి ఆనే తేడా ఎక్కడ ఉందో అక్కడికి ఒక చిన్న గీత గీసి చూపించాడు. తోక అంచున తెలుపు – గీత. కంటిచుట్టూ వలయం – గీత. మిగతా ఈకల సంగతి వదిలేశాడు. ఆ గీత వచ్చాక తుపాకీ అవసరం తీరిపోయింది. దుర్భిణి చాలు. మీరు దుకాణంలో గుర్తింపు పుస్తకం తెరవగానే చూడవలసింది కూడా ఇదే: పోలికలున్న పిట్టలను పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తున్నదా, లేక ఒక్కొక్క పిట్టకూ ఒక్కొక్క అందమైన బొమ్మ వేసి చేతులు దులుపుకున్నదా?

రంగుల ఫొటోలున్న పుస్తకం చూస్తే మనసు అటే పోతుంది. ఫొటోలో ఉన్నది నిజమైన పిట్ట కదా, బొమ్మకన్నా అదే నయం అనిపిస్తుంది. కొంచెం ఆలోచించండి. ఫొటో ఒకానొక రోజు, ఒకానొక వెలుగులో, ఒకానొక పిట్టది. సాయంత్రపు ఎండలో తీస్తే గోధుమ రంగు పిట్ట ఎర్రగా పడుతుంది. నీడలో తీస్తే అదే పిట్ట నల్లగా పడుతుంది. మంచి చిత్రకారుడు మ్యూజియంలో పదుల కొద్దీ నమూనాలు చూసి, అడవిలో బతికి ఉన్నవాటిని చూసి, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న రూపాన్ని గీస్తాడు. లెక్కల్లో మీరు సగటు కడతారు చూడండి, అలాంటిదన్నమాట. అందుకే అనుభవమున్నవారు గుర్తింపుకు బొమ్మల పుస్తకాన్నీ, ముచ్చటకు ఫొటోల పుస్తకాన్నీ కొంటారు. ఫొటోలను తీసిపారేయనక్కరలేదు. కప్పలకు, సీతాకోకచిలుకలకు అవి బాగానే పనికొస్తాయి, ఎందుకంటే అవి మనల్ని కాస్త దగ్గరకు రానిస్తాయి.

పుస్తకానికి మనమే పరీక్ష పెట్టాలి

పరాయి దేశపు పిట్టలు మనకు తెలియవు. తెలియని పిట్టల గురించి పుస్తకం నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడం ఎలా? దీనికి ఒక ఉపాయం ఉంది. మీకు బాగా తెలిసిన పిట్ట ఆ పుస్తకంలో ఉందేమో వెదకండి.

పాలపిట్ట శ్రీలంకలో కూడా ఉంది. దసరా నాడు ఊరి బయటకు వెళ్ళి చూసే పిట్టే. తీగమీద కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టి రంగులో మామూలుగా ఉంటుంది. రెక్క విప్పి ఎగిరిందా, లేత నీలం, ముదురు నీలం పట్టీలు ఒక్కసారి మెరుస్తాయి. ఇప్పుడు పుస్తకంలో పాలపిట్ట పుట తీయండి. ఎగిరే బొమ్మ ఉందా? కూర్చున్న బొమ్మ ఒక్కటే వేసి ఊరుకున్నారా? తీగమీదనో, ఎండుకొమ్మ మీదనో కూర్చుని నేలమీది పురుగు కోసం కాచుకుని ఉంటుందన్న సంగతి రాశారా? మీకు తెలిసిన పిట్ట విషయంలోనే పుస్తకం తడబడితే, తెలియని పిట్ట విషయంలో దాన్ని నమ్ముకుని సముద్రం దాటడమెందుకు?

ఏ దేశపు పుస్తకానికైనా ఈ పరీక్ష పెట్టవచ్చు. ఊరపిచ్చుక, పావురం అమెరికాలోనూ ఉన్నాయి. మన పొలాల్లో గేదెల వెంట తిరిగే తెల్లకొంగ ఆఫ్రికాలో ఏనుగుల వెంట తిరుగుతుంది. మన ఊరి కాకి కెన్యా తీరంలోని మొంబాసాలో స్థిరపడి కూర్చుంది.

పుస్తకం ఎంత ప్రాంతానికి రాసినదో కూడా చూసుకోవాలి. భారత ఉపఖండం మొత్తానికి రాసిన పుస్తకాల్లో 1,300 పైచిలుకు జాతుల పక్షులు ఉంటాయి. వాటిలో సుమారు మూడోవంతే శ్రీలంకలో కనబడతాయి. "ఒక పుస్తకం కొంటే అన్ని దేశాలకూ పనికొస్తుంది కదా, డబ్బు మిగులుతుంది" అని ఇంట్లో పెద్దలు అంటారు. నిజమే, మిగులుతుంది. అయితే అడవిలో ఏమవుతుందో చూడండి.

శ్రీలంక నైరుతి భాగంలో సింహరాజ అని ఒక వాన అడవి ఉంది. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ అడవిలో అరగంట నడిచినా ఒక్కోసారి ఒక్క పిట్టా కనబడదు. ఉన్నట్టుండి ఆకుల్లో గలగల మొదలవుతుంది. నారింజ రంగు ముక్కు ఉన్న గుంపుపిట్టలు ముందు వస్తాయి. మన పొలాల్లో పసుల పోలిగాడు అని పిలిచే తోక చీలిన నల్లపిట్ట ఉంది కదా, దానికి నెత్తిన కుచ్చు పెట్టినట్టుండే చుట్టం ఒకటి వాటికి కాపలాగా వస్తుంది. వాటి వెనుక పదికి పైగా జాతులు కలిసి నలభై పిట్టల దాకా ఒకే దండుగా కదులుతాయి. ఎర్రని ముఖమున్న మల్కోహా, నీలి మాగ్‌పై, ట్రోగన్ – వెదికి వెదికి వచ్చిన పిట్టలన్నీ ఆ దండులోనే ఉండవచ్చు. ఆకుల్లోని పురుగులను ఒకరు లేపితే మరొకరు పట్టుకుంటారు, డేగ వస్తే ఎవరో ఒకరు కేకపెడతారు, అందుకే ఈ పొత్తు. 1981 నుంచి శాస్త్రజ్ఞులు ఈ దండులను పరిశీలిస్తూ వచ్చారు. పదినిమిషాల్లో దండు దాటిపోతుంది. ఆ పదినిమిషాల్లో మీరు హిమాలయాల నెమళ్ళూ అస్సాము బాతులూ ఉన్న వెయ్యి జాతుల పుటలు తిప్పుకుంటూ కూర్చుంటారా? శ్రీలంకలో లేని పిట్టలు పుస్తకంలో ఎన్ని ఎక్కువ ఉంటే, పొరపాటున వాటిలో ఒకదానిని "చూసేసే" అవకాశం అంత ఎక్కువ. ఒక్క దేశానికే వెళ్ళేటప్పుడు ఆ దేశపు పుస్తకమే మేలు అనడం అందుకే. శ్రీలంకకు అటువంటిది జాన్ హారిసన్ రాయగా టిమ్ వర్‌ఫోక్ బొమ్మలు వేసిన పుస్తకం. 1999లో మొదట వచ్చింది.

అమెరికా వెళ్ళేవారికి ఇంకో తిరకాసు. అక్కడి గుర్తింపు పుస్తకాలు కొన్ని తూర్పు అమెరికాకు ఒకటి, పడమటి అమెరికాకు ఒకటిగా వస్తాయి. పీటర్సన్ మొదటి పుస్తకమే తూర్పు సగానికి రాసినది. పడమటి సగానికి 1941లో విడిగా రాశాడు. అన్నయ్య కాలిఫోర్నియాలో ఉంటే తూర్పు పుస్తకం అట్ట ఎంత బాగున్నా వదిలెయ్యండి.

రాబిన్ ఎంత ఉంటుంది?

సాలీం అలీ 1941లో రాసిన భారతీయ పక్షుల పుస్తకంలో ఒక చక్కని పద్ధతి ఉంది. పిట్ట ఎంత ఉంటుందో చెప్పడానికి "పిచ్చుక అంత", "మైనా అంత", "పావురం కన్నా చిన్నది" అని రాస్తారు. సెంటీమీటర్లు చెబితే అడవిలో ఎవరు కొలవగలరు? మైనా అంత అంటే చప్పున బోధపడుతుంది. చాలా దేశాల పుస్తకాలూ ఇదే చేస్తాయి. కాని అక్కడ పోలిక వారి ఊరి పిట్టతో.

బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకం "రాబిన్ అంత" అన్నదనుకోండి. వారి రాబిన్ 14 సెంటీమీటర్ల చిన్న పిట్ట, మన పిచ్చుక పాటిది. అమెరికాలో అచ్చయిన పుస్తకమూ "రాబిన్ అంత" అంటుంది. వారి రాబిన్ సుమారు 25 సెంటీమీటర్లు, మన మైనా కన్నా పెద్దది. ఎర్రని రొమ్ము చూసి, బ్రిటన్ నుంచి వలసవచ్చినవారు తమ ఊరి పిట్ట పేరు అక్కడి పిట్టకు పెట్టుకున్నారు. రెండూ దగ్గరి చుట్టాలు కూడా కావు. అలాగే బ్రిటిష్ పుస్తకంలో డైవర్ అనే నీటిపక్షి అమెరికన్ పుస్తకంలో లూన్ అవుతుంది. పక్షి ఒకటే! అందుకే పేరు కింద ఏటవాలు అక్షరాల్లో ఉండే శాస్త్రీయ నామం మీద ఒక కన్ను వెయ్యాలి. జీవశాస్త్రం పాఠంలో లాటిన్ పేర్లు చూసి మొహం ముడుచుకుంటారు గాని, రెండు దేశాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకున్న రోజున వాటి విలువ తెలుస్తుంది.

పుస్తకంలో పక్షులు అకారాది క్రమంలో ఎందుకు ఉండవు అని కూడా అడుగుతారు. చుట్టాలను ఒకచోట పెట్టడం కోసం. చుట్టాలకు పోలికలుంటాయి, పోలికలున్నవాటితోనే మనకు తికమక. పాతకాలపు పుస్తకాలు అనేకం మునుగుడు నీటిపక్షులతో మొదలయ్యేవి. ఇప్పటివి సాధారణంగా బాతులూ కోళ్ళతో మొదలవుతాయి. బాతులూ కోళ్ళ శాఖ మిగతా పక్షుల నుంచి చాలా పూర్వమే వేరుపడిందని డి.ఎన్.ఎ. పరీక్షలు తేల్చడం దీనికి కారణం.

ఏ నెలలో, ఏ తీరంలో

గుర్తింపు పుస్తకం "ఇదేమిటి?" అన్న ప్రశ్నకు జవాబు. అది చేతిలో ఉన్నా, పిట్ట లేని చోట, లేని కాలంలో వెళ్ళి నిలుచుంటే లాభం లేదు. "ఎక్కడ? ఎప్పుడు?" అన్న ప్రశ్నకు వేరే పుస్తకం కావాలి. అడవులు, చెరువులు, తీరాలు, వాటికి దారి, తగిన నెలలు చెప్పే పుస్తకం అది. దాన్ని సంచిలో మోయనక్కరలేదు. బయలుదేరక ముందు ఇంట్లో చదువుకోవాలి.

నవరంగ్ అని హిందీవారు పిలిచే పిట్టా పక్షిని తీసుకోండి. ఒంటిమీద ఎన్ని రంగులో! ఇది వేసవిలో, వానాకాలంలో మన దేశపు మధ్య, ఉత్తర ప్రాంతాల్లో గూళ్ళు కట్టుకుంటుంది. చలికాలానికి దక్షిణాదికీ, శ్రీలంకకూ వలసపోతుంది. శ్రీలంకలోని తమిళులు దీన్ని ఆరు గంటల పిట్ట అంటారు, పొద్దునా సాయంత్రం ఇంచుమించు ఆ వేళకు కూస్తుంది గనుక. మీరు జులైలో శ్రీలంక వెళ్ళి దాని కోసం వెదికితే? అది అప్పుడు మన దేశంలో పిల్లలను పెంచుకుంటూ ఉంటుంది! గుర్తింపు పుస్తకంలోని చిన్న పటం చూసినప్పుడు ఏ రంగు ఏడాది పొడుగునా ఉండేదానికి, ఏ రంగు చలికాలానికి మాత్రమే అని ముందు పుటల్లో చూసుకోకపోతే ఇలాగే అవుతుంది. అన్ని పుస్తకాలూ ఒకే రంగులు వాడవు.

శ్రీలంకకు రెండు రుతుపవనాలు తగులుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి భాగం తడుస్తుంది. అక్టోబరు తర్వాత జనవరి దాకా ఈశాన్యం వంతు. కనుక "శ్రీలంక వెళ్ళడానికి మంచి నెల ఏది?" అన్న ప్రశ్నే సరైనది కాదు. దేనికి అని అడగాలి. దక్షిణ తీరంలోని మిరిస్సా దగ్గర డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు కనబడతాయి. భూమిమీద ఇంతకన్నా పెద్ద జంతువు లేదు. మే వచ్చిందంటే అక్కడ సముద్రం రేగుతుంది, అప్పుడు తూర్పున త్రికోణమలై వైపు చూడాలి. సింహరాజకు జనవరి నుంచి మార్చి దాకా బాగుంటుంది. అప్పుడు కూడా జలగలు ఉంటాయి. వాటి సంగతి, వాటికి వేసుకునే గుడ్డ మేజోళ్ళ సంగతి చెప్పని పుస్తకాన్ని రాసినాయన ఆ అడవిలో నడిచాడో లేదో అని నాకు అనుమానం!

నెలను చెప్పి ఊరుకునే పుస్తకం కన్నా, ఆ నెలే ఎందుకో చెప్పే పుస్తకం గొప్పది. రెండు ఉదాహరణలు చూడండి. యాలా, విల్పత్తు అడవుల్లో ఎలుగుబంటిని చూడాలంటే మే నుంచి జులై మంచిది అంటారు. ఎందుకు? అక్కడ అప్పుడు పాలపండ్లు పండుతాయి. మన అడవుల్లోని పాలచెట్టే అది, సింహళంలో దానిని పలు అంటారు. ఎలుగులు వాటికోసం చెట్లెక్కుతాయి. కారణం తెలిసిందా, ఇక మీరు తారీఖును పట్టుకు వేలాడరు. అక్కడికి వెళ్ళాక "పండ్లు మాగాయా?" అని అడుగుతారు.

రెండోది మిన్నేరియా చెరువు. సుమారు 1,700 సంవత్సరాల క్రితం మహాసేనుడనే రాజు తవ్వించాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వందల కొద్దీ ఏనుగులు అక్కడ చేరతాయని పుస్తకాలు రాస్తాయి. కారణం మీరు మీ ఊరి చెరువులో చూసిందే. ఎండలకు నీరు వెనక్కి తగ్గితే, తడి శిఖంలో పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవి ఎండిపోయినప్పుడు ఆ గడ్డికోసం ఏనుగులు వస్తాయి. ఇప్పుడు ఎగువన మొరగహకంద అనే పెద్ద జలాశయం కట్టారు. దాని నీరు వదలడం వల్ల ఎండాకాలంలో కూడా చెరువు నిండుగా ఉంటే గడ్డి మొలిచే చోటే ఉండదు. ఏనుగులు మరో చోటికి పోతాయి. పుస్తకంలో ఆగస్టు అని మాత్రమే చదివినవాడు నీళ్ళు చూసి తిరిగి వస్తాడు. గడ్డి సంగతి చదివినవాడు ముందే విచారిస్తాడు.

"అది ఏం చేస్తోంది?" అన్నది మూడో ప్రశ్న. దీనికి ఆఫ్రికా వెళ్ళేవారు అదృష్టవంతులు. రిచర్డ్ ఎస్టిస్ 1991లో ఆఫ్రికా పాలిచ్చే జంతువుల ప్రవర్తన గురించి రాసిన పుస్తకం ఉంది. జింక నేలను కాలితో ఎందుకు కొడుతోంది, ఏనుగు చెవులు ఎప్పుడు విప్పుతుంది వంటివి అందులో చదువుకోవచ్చు. శ్రీలంక పక్షులకు జి.ఎం. హెన్రీ 1955లో రాసిన పుస్తకం ఇటువంటిది. ఆయన అక్కడి తేయాకు తోటలో పుట్టి పెరిగి, కొలంబో మ్యూజియంలో పురుగుల శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ, పక్షులను పరిశీలించి, బొమ్మలు కూడా తానే వేసుకున్నాడు. పిట్టల పేర్లలో చాలా మారిపోయాయి. ఆనాడు దేశం పేరే సిలోన్, 1972లో గాని శ్రీలంక కాలేదు. కాని పిట్టల నడవడి మారలేదు కనుక, గ్రంథాలయంలో దొరికితే ఇప్పటికీ చదవదగిన పుస్తకం.

అచ్చులో ఉన్నదంతా

శ్రీలంకలో తప్ప మరెక్కడా లేని పక్షిజాతులు ఎన్ని? ఒక పుస్తకం 23 అంటుంది. మరొకటి 26 అంటుంది. ఇటీవలివి 30కి పైన చెబుతాయి. ఈలోగా కొత్త పిట్టలు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? చాలావరకు కాదు. పూర్వం మన వడ్రంగి పిట్టకు ఉపజాతి అనుకున్న ఎర్ర వీపు వడ్రంగి పిట్టను, కూతా రంగూ పరిశీలించి, వేరే జాతి అని విడదీశారు. స్వాలో పిట్ట ఒకదాని విషయంలోనూ అంతే జరిగింది. అందుకే పుస్తకం కొనేముందు లోపలి పుటలో అచ్చయిన సంవత్సరం చూడండి. "పునర్ముద్రణ" అన్నదీ "సవరించిన కూర్పు" అన్నదీ ఒకటి కాదని గుర్తుంచుకోండి. మొదటిది పాతదాన్నే మళ్ళీ అచ్చు వెయ్యడం.

సంవత్సరం కొత్తదైనా, లోపలి సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది మరో ప్రశ్న. పటంలో రంగు వేసిన చోటల్లా రచయిత తిరిగి చూసి ఉండడు. మ్యూజియంలోని పాత నమూనాల కాలికి కట్టిన చీటీలను నమ్ముతాడు. ఆ చీటీయే అబద్ధమైతే?

మధ్య భారతపు అడవుల్లో ఉండే ఒక చిన్న గుడ్లగూబకు ఇదే జరిగింది. దాని నమూనాలు ఏడే ఉండేవి. రిచర్డ్ మైనర్ట్స్‌హాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఇచ్చిన నమూనా చీటీమీద 1914, మాండ్వి, గుజరాత్ అని ఉంది. ఆ చీటీని నమ్మి వెదికినవారికి గుడ్లగూబ దొరకలేదు. అది అంతరించిపోయిందనుకున్నారు. అమెరికా పక్షిశాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ ఆ నమూనాలను పట్టి పట్టి చూసి, మైనర్ట్స్‌హాగన్ ఇచ్చినది వేరొకరు 1880ల నాడు సేకరించినదనీ, దాన్ని మ్యూజియం నుంచి దొంగిలించి, కుట్లు విప్పి మళ్ళీ కుట్టి, కొత్త చీటీ కట్టాడనీ రుజువు చేసింది. అబద్ధపు చోటు కొట్టివేసి, నిజమైన చీటీలున్న చోట్ల వెదుకుతూ పోగా, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర పట్టపగలు చెట్టుమీద ఆ గుడ్లగూబ కూర్చుని ఉంది. నికరమైన చివరి నమూనా 1884 నాటిది. 113 సంవత్సరాల తర్వాతన్నమాట! ఈ రాస్ముసెన్, ఆండర్టన్‌తో కలిసి 2005లో దక్షిణాసియా పక్షుల మీద రెండు సంపుటాల పుస్తకం తెచ్చింది. ఏ జాతి ఉనికికి ఏ సాక్ష్యముందో, ఏది అనుమానమో అందులో ఉంటుంది. మొదటి సంపుటం వెంట తీసుకుపోవచ్చు. రెండోది ఇంట్లో బల్లమీద ఉంచుకుని చదువుకునేది.

మన కడప జిల్లా కథ మీకు తెలిసే ఉంటుంది. కలివికోడిని 1848లో జెర్డన్ లోకానికి చెప్పాడు. 1900 తర్వాత దాని జాడ లేదు. అంతరించినట్టేనని పుస్తకాలు రాశాయి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు స్థానికుల సాయంతో లంకమల అడవుల అంచున దాన్ని కనుగొన్నారు. దాని కోసం ఇంగ్లండు నుంచో జపాను నుంచో వచ్చేవారికి కడపే పరదేశం. వారి పుస్తకానికి తెలియని సంగతి ఇక్కడ గొర్రెలు కాసేవారికి తెలిసి ఉండవచ్చు. మనం సింహరాజ వెళ్ళినప్పుడూ అంతే, దారి చూపడానికి వచ్చిన అక్కడి ఊరి మనిషిని అడగాలి.

ఇంత పుస్తకాల గొడవ ఎందుకు, ఫోను ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కార్నెల్ విశ్వవిద్యాలయంవారు ఆడుబాన్ సొసైటీతో కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్‌లో ఏ ప్రాంతంలో ఏ వారం ఏ పిట్ట కనబడిందో ప్రపంచమంతటి నుంచి పరిశీలకులు రాస్తుంటారు. చోటు, కాలం విషయంలో అచ్చు పుస్తకాన్ని అది మించిపోయింది. కూత విని పేరు చెప్పే మెర్లిన్ కూడా ఉంది. కాని పేరు చెప్పడం వేరు, ఎందుకా పేరో చూపించడం వేరు. పక్కనున్న నాలుగు పోలికల పిట్టలను ఒక్క చూపులో చూసి "ఇది కాదు, ఇది కాదు" అని కొట్టివెయ్యడానికి తెరిచిన పుట కన్నా నాకు వేరే ఏదీ నచ్చలేదు. ఇది నా ముసలి అలవాటు అనుకున్నా సరే.

బయలుదేరే ముందు ఒక చేతిపుస్తకం కుట్టుకోండి. మీరు చూడదలచిన పిట్టలు ఓ ముప్పై రాసుకుని, ఒక్కొక్కదాని ఎదుట చోటు, నెల, దానితో పోలిక ఉన్న మరో పిట్ట, రెంటికీ తేడా చూపే గుర్తు రాయండి. చివర నాలుగు పుటలు ఖాళీగా వదలండి. అవి పుస్తకంలో లేని వాటికి. ఏ బొమ్మకూ సరిపోనిది కనబడితే, దగ్గరగా ఉన్న బొమ్మ పేరు రాసెయ్యకండి. ఏం చూశారో, ఏం విన్నారో అది మాత్రమే రాయండి.

1995లో దీపాల్ వారకాగొడ అనే శ్రీలంక పక్షి పరిశీలకుడు కితుల్‌గల దగ్గర అడవిలో చీకట్లో ఒక కూత విన్నాడు. ఒకే ఒక్క మెత్తని స్వరం. తెలిసిన ఏ గుడ్లగూబ కూతకూ అది సరిపోలేదు. దగ్గరి పేరేదో రాసుకుని ఆయన ఊరుకోలేదు. ఆ కూత కోసం అడవులు తిరిగాడు. 2001 జనవరి 23న సింహరాజలో అది కంటబడింది. మైనా కన్నా చిన్నది, ఎర్రమట్టి రంగు గుడ్లగూబ. 1868 తర్వాత శ్రీలంకలో కొత్త పక్షిజాతి దొరకడం అదే మొదటిసారి. 1970లలో ప్లైవుడ్ కోసం సింహరాజ చెట్లు నరుకుతుంటే అడ్డుకోవడానికి ముందు నిలిచిన థీలో హాఫ్‌మన్ పేరు దానికి పెట్టి, 2004లో వారకాగొడ, రాస్ముసెన్ కలిసి శాస్త్రలోకానికి తెలియజేశారు. హారిసన్ పుస్తకం 1999 నాటి ప్రతిలో గుడ్లగూబల పుట తీస్తే అది ఉండదు. తర్వాతి కూర్పులో ఉంది.